గుడ్లపెట్టెలో ఇత్తడి

ఆ బుధవారం పొద్దున ఎయిలిఫ్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. మూడు కప్పుల కాఫీ తాగాలి, నూటఇరవై తూటా గుల్లలను ఆఖరిసారి తూచాలి, మధ్యాహ్నంలోపు మంచివాటిలో మందు కూరటం మొదలుపెట్టాలి. అంతే. ఉల్వెదాల్ లోయలో ఇంతకన్నా పెద్ద పనులు ఇంతకన్నా తక్కువ గొడవతో అయిపోయిన సందర్భాలు ఉన్నాయి. నది మీద వంతెన అలాగే కట్టారు. కట్టినట్టు సగంమందికి ఇప్పటికీ తెలియదు.

ఎయిలిఫ్ ముప్ఫైఎనిమిదేళ్ళు రోడ్ల మీద మంచు తీసే బండి నడిపి రిటైరైనవాడు. అంతకన్నా ముఖ్యం, లోయ తుపాకి క్లబ్బు తరఫున జిల్లా పోటీకి వెళ్ళే ఐదుగురి జట్టులో ముప్ఫైఒక్క ఏళ్ళుగా ఉన్నవాడు. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పుకోడు. అవతలివాళ్ళే అడిగేదాకా దాని చుట్టూ తిరుగుతూ ఉంటాడు. అలాంటి మనిషి తూటాలు ఈ వసంతంలో గద్దను చూసిన కోడిపిల్లల్లా తలో దిక్కూ పట్టాయి. జట్టులో నాలుగు చోట్లు నిండిపోయాయి. ఐదోది ఎవరిదో శనివారం కాల్చి తేల్చుకోవాలి. ఎయిలిఫ్ ఒకడు, రెండోవాడు క్లబ్బు అధ్యక్షుడు సిగ్‌బ్యోర్న్. అధ్యక్షుడన్న పేరే గాని పదకొండేళ్ళుగా అతను ఆరోవాడు. అందరి కాఫీ ఫ్లాస్కులూ మోసుకుంటూ జట్టు వెనక వెళ్ళి, ఎవరికైనా జ్వరం వస్తుందేమోనని ఆశగా చూసి తిరిగి వస్తుంటాడు. ఇక జట్టులోంచి ఒకసారి జారినవాడు మళ్ళీ ఎక్కటం ఆ లోయలో జరగలేదు. జారినవాళ్ళు చేపలు పట్టుకుంటారు. ఎయిలిఫ్‌కు చేపలంటే పడదు.

తప్పు ఎక్కడుందో ఆయన చాలా చోట్ల వెతికాడు. గాలిని అనుమానించాడు, కళ్ళజోడును అనుమానించాడు, క్లబ్బులో కాఫీ చిక్కబడిందని అనుమానించాడు. తుపాకిని మాత్రం అనుమానించలేదు. అది పెళ్ళికి ముందు నుంచీ ఆయన దగ్గరుంది, ఇంతవరకూ ఎదురు మాట్లాడలేదు. చివరికి నేరం గుల్లల మీదికి వచ్చింది.

తుపాకి పేలితే తూటా పోతుంది, ఇత్తడి గుల్ల చేతిలో మిగులుతుంది. దాన్ని కడిగి, సాగిన చోట సరిచేసి, కొత్త మందూ కొత్త తూటా పెట్టి మళ్ళీ కాల్చటం అక్కడివాళ్ళకు చిరిగిన మేజోడు కుట్టుకున్నంత మామూలు. కానీ ఒక గుల్ల గోడ మందంగా ఉంటే లోపల చోటు తగ్గుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, తూటా గురి తప్పి పైకి పోతుంది. కాబట్టి గుల్లలన్నీ కవలల్లా ఉండాలి. ఎయిలిఫ్ దగ్గర నాలుగువందల గుల్లలు ఉన్నాయి. మూడు వారాలుగా ఆయన వాటికి కవలలను వెతుకుతున్నాడు.

ముందు ఒక్కొక్కటే తూచాడు. తరవాత డ్రాపరుతో అంచుదాకా నీళ్ళు పోసి, లోపల ఎంత చోటుందో చూడటానికి మళ్ళీ తూచాడు. ఆ తరవాత మెడ మందం నాలుగు వైపులా స్క్రూగేజి పెట్టి కొలిచాడు. ఆ త్రాసు ఎంత సున్నితమైందంటే, పక్క గదిలో భార్య బోర్గిల్ నిట్టూరిస్తే రెండు మిల్లీగ్రాములు అటూఇటూ అయ్యేది. ఆమె కూడా ఆ మూడు వారాల్లో మామూలుకన్నా ఎక్కువే నిట్టూర్చింది. గాలి కదులుతుందని ఇంట్లో వెచ్చదనపు యంత్రం కట్టేశారు. తలుపులు తీయకూడదు. పిల్లి తోక ఊపుతుందని దాన్ని పశువుల కొట్టంలోకి బదిలీ చేశారు. బోర్గిల్ ఒంటి మీద రెండు స్వెట్టర్లు వేసుకుని, ఊపిరి బిగబట్టి సూప్ తాగటం నేర్చుకుంది.

నాలుగువందల్లో నూటఇరవై మిగిలాయి. వాటిని మూడు జట్లు చేసి, బోర్గిల్ గుడ్ల కోసం దాచుకున్న ఖాళీ అట్టపెట్టెల్లో గుంటకు నాలుగు చొప్పున నిలబెట్టాడు. ఏ పెట్టె ఏదో మరిచిపోకుండా మూతల లోపల పెన్సిలుతో రాసుకున్నాడు. మంచివాటి మూతలో "ఇవే. శనివారం తప్పదు" అని. రెండోదాంట్లో "తేడా ఉంది. రెండుసార్లు చూశాను" అని. మూడోదాంట్లో "మూడుసార్లు చూశాను. నమ్మకం లేదు. శనివారం తరవాత సంగతి చూడాలి" అని. ఇత్తడి రాత్రంతా ఒకే చల్లదనంలో ఉంటే తూకం నిలకడగా వస్తుందని, మూడు పెట్టెలనూ మంగళవారం సాయంత్రం ముందుగదిలో అరమీద పెట్టాడు. ఆ అర బోర్గిల్ గుడ్లది.

బోర్గిల్‌కు ఇరవైఆరు కోళ్ళు ఉన్నాయి. రోడ్డు పక్కన స్తంభం మీద చిన్న కప్పు వేసిన గూడు ఉంది. పొద్దున గుడ్లపెట్టెలు అందులో పెట్టి వస్తుంది. దారినపోయేవాళ్ళు పెట్టె తీసుకుని, గూటి మీద రాసిన నంబరుకు ఫోనులో డబ్బు వేసి పోతారు. కాపలా ఎవరూ ఉండరు. ఆ బుధవారం ఆమె ఎనిమిదీపది బస్సుకు పట్నంలో పాటల సాధనకు వెళ్ళాలి. ఆలస్యమైంది. అరమీద పైనున్న ఆరు పెట్టెలనూ బుట్టలో వేసుకుని పరుగెత్తింది. బుట్ట కాస్త తేలిగ్గా ఉన్నట్టు అనిపించింది గాని, బస్సు కనపడుతుంటే ఆమెకు అన్నీ తేలిగ్గానే ఉంటాయి.

ఎయిలిఫ్ మూడో కాఫీ ముగించి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ కడుక్కుని ముందుగదిలోకి వచ్చాడు. అరమీద పెట్టెలు ఉన్నాయి. మూత తీశాడు. పది గుడ్లు ఆయనకేసి చూశాయి. రెండో మూత తీశాడు. ఇంకో పది చూశాయి. ఆయన ఉన్ని మేజోళ్ళతోనే రోడ్డుదాకా పరుగెత్తాడు. ఆ రోడ్డు మీద ముప్ఫైఎనిమిదేళ్ళు బండి నడిపినవాడు కాలినడకన అంత వేగంగా వెళ్ళటం అదే మొదలు. గూట్లో మూడు పెట్టెలు మిగిలి ఉన్నాయి. మూడింట్లోనూ గుడ్లే.

బస్సులో ఉన్న బోర్గిల్‌కు ఫోను చేశాడు.

"ఎవరు కొన్నారు?"

"ఏం కొన్నారు?"

"నా గుల్లలు."

ఆమె ఫోనులో డబ్బు వేసినవాళ్ళ పేర్లు చదివింది. పక్కపొలం ఓస్ముండ్, చర్చి పాస్టరు రాగ్న, సిగ్‌బ్యోర్న్. "ఓస్ముండ్ డబ్బుతోపాటు ఒక ముక్క కూడా రాశాడు. కోళ్ళకి ఒంట్లో బాగాలేదా, గుడ్లు తేలిగ్గా ఉన్నాయి అని."

"నువ్వు ఫోను చేసి అడుగు."

"నేను పాడటానికి పోతున్నా. గుల్లలు నీవి, నువ్వే అడుక్కో. కాస్త మనిషిలా మాట్లాడు."

ఆ ఆఖరి మాటే కష్టం. ఎయిలిఫ్ జీవితమంతా మంచు బండిలోని రేడియోలో మాట్లాడినవాడు. అందులో పలకరింపులు ఉండవు, ఎందుకు ఏమిటి ఉండదు. విషయం చెప్పాలి, మీట వదలాలి. ఇంట్లో ఫోనులోనూ ఆయన అలాగే మాట్లాడతాడు. ఒకసారి బోర్గిల్ పుట్టినరోజుకు ఫోను చేసి, "అరవై. బాగుంది" అని పెట్టేశాడు.

ముందు ఓస్ముండ్‌కు చేశాడు. ఆ సమయానికి ఓస్ముండ్ పొయ్యి మీద పెనంలో వెన్న కరిగించి, గుడ్లు కొడదామని పెట్టె మూత తీసి ఉన్నాడు. లోపల నలభై ఖాళీ గుల్లలు సిపాయిల్లా నిలబడి ఉన్నాయి. మూతలో ఎయిలిఫ్ చేతిరాత. తేడా ఉంది, రెండుసార్లు చూశాను. వెన్న మాడిపోతోంది. ఓస్ముండ్ చూడటం లేదు. అతను నిరుడు ఆగస్టు నెల గురించి ఆలోచిస్తున్నాడు.

కొండ మీది బురదనేలల్లో పండే మోల్టె పండ్ల చోటు ఎవరికి వారికి రహస్యం. తండ్రి పోతూ పోతూ కొడుక్కి చెబుతాడు, అదీ కొడుకు మీద నమ్మకం ఉంటేనే. ఎయిలిఫ్ చోటు ఎక్కడో తెలుసుకోవాలని ఓస్ముండ్ పంతొమ్మిదేళ్ళు కష్టపడ్డాడు. నిరుడు దుర్భిణి పట్టుకుని పొదల్లో పాక్కుంటూ వెనక వెళ్ళి చూసి, రెండు రోజుల తరవాత ఒక్క పండు మిగల్చకుండా కోసుకొచ్చాడు. ఖాళీ బకెట్టుతో దిగి వచ్చిన ఎయిలిఫ్ దుప్పి తినేసిందని అందరికీ చెప్పాడు. ఓస్ముండ్ కూడా పక్కనే నిలబడి దుప్పిని తిట్టాడు.

"పెట్టె నీ దగ్గరుందా?" అన్నాడు ఎయిలిఫ్ ఫోనులో.

"ఉంది."

"లెక్కపెట్టు. నలభై ఉండాలి. ఒకటి తగ్గినా నాకు తెలుస్తుంది. సాయంత్రంలోపు వస్తాను."

మీట వదిలేశాడు.

పాస్టరు రాగ్నకు చేరింది మంచి పెట్టె. "ఇవే. శనివారం తప్పదు." ఆమె ధైర్యవంతురాలే, ఎలుగుబంటి చర్చి ఆవరణలోకి వస్తే గంట కొట్టి తరిమిన మనిషి. కానీ ఆమెకూ ఒక బరువు ఉంది. దేశపు పండగరోజు, మే పదిహేడున, చర్చి ముందు జెండా ఎగరేయటం ఇరవైరెండేళ్ళుగా ఎయిలిఫ్ పని. ఈ ఏడు పాత మిల్లు కొనుక్కుని వచ్చిన డచ్చి దంపతులకు ఇక్కడ సొంతూరిలా అనిపించాలని ఆమె ఆ పని వాళ్ళకు ఇచ్చింది. ఎయిలిఫ్‌కు ముందు చెప్పటం మరిచిపోయింది. ఆయన ఆ రోజు చేతులు వెనక్కి కట్టుకుని, డచ్చివాళ్ళు తాడు ముడి తప్పు వేస్తుంటే చూస్తూ, జాతీయగీతం అన్ని చరణాలూ పాడాడు. అన్నీ ఆమె కళ్ళలోకి చూస్తూనే పాడాడు.

"పాస్టరుగారూ, మీ దగ్గరికి వచ్చినవి నేను ఏరి పెట్టినవి," అన్నాడు ఎయిలిఫ్. ఆమె పెద్దచదువు చదివిన మనిషి కాబట్టి కాస్త వివరంగానే మాట్లాడాడు. "శనివారం నా పని వాటితోనే. చేత్తో ముట్టుకోకండి."

ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

సిగ్‌బ్యోర్న్ ఫోను ఎత్తలేదు. మూడుసార్లు మోగి ఆగిపోయింది. ఎయిలిఫ్ మాట రికార్డు చేసి పెట్టాడు: "సిగ్‌బ్యోర్న్. నాది ఒకటి నీ దగ్గరుంది. నీకు తెలుసు. నువ్వే తెచ్చి ఇస్తే బాగుంటుంది." సిగ్‌బ్యోర్న్ ఫోను చేతిలో పట్టుకునే కూర్చున్నాడు గాని ఎత్తే ధైర్యం లేకపోయింది. ఆ మాటలను నాలుగుసార్లు విన్నాడు. ఎదురుగా పెట్టె మూత తెరిచి ఉంది. మూడుసార్లు చూశాను, నమ్మకం లేదు.

ఆ లోయలో భయం వేస్తే మనుషులు పాస్టరు ఇంటికి పోతారు, చర్చికి పోనివాళ్ళు కూడా. పదకొండు గంటలకల్లా ఓస్ముండూ సిగ్‌బ్యోర్నూ ఎవరి పెట్టె వాళ్ళు చంకలో పెట్టుకుని రాగ్న వంటింట్లో తేలారు. మూడు పెట్టెలు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఎయిలిఫ్‌కు మీ మీద కోపం రావటానికి కారణం ఏదైనా ఉందా అని పాస్టరు అడిగింది. ఓస్ముండ్ తనకేమీ తెలియదన్నాడు. సిగ్‌బ్యోర్న్ తనకూ తెలియదన్నాడు. మరి మీకో అని వాళ్ళు అడిగితే పాస్టరు కాఫీ కలపటానికి లేచింది. పోలీసుకు చెబుదామా అన్న మాట ఒకసారి వచ్చింది. చెబితే ఎందుకో కూడా చెప్పాల్సి వస్తుందని ముగ్గురికీ విడివిడిగా తట్టి, ముగ్గురూ కలిసి వద్దన్నారు.

"లెక్కపెట్టమన్నాడు," అని ఓస్ముండ్ గుర్తు చేశాడు. "ఒకటి తగ్గినా తెలుస్తుందట."

దాంతో మూడు పెట్టెలూ బల్ల మీద కుమ్మరించారు. పాస్టరు చేతులకు తొడుగులు వేసుకుంది. మూడుసార్లు లెక్కపెట్టారు, మూడుసార్లూ నూటఇరవై వచ్చాయి. దొర్లి పోకుండా అన్నింటినీ కలిపి వాఫిల్ అట్ల పిండి కలిపే పెద్ద గిన్నెలో పోశారు. అతను మన దగ్గరికి వచ్చేలోపు మనమే అతని దగ్గరికి వెళ్ళటం నయమని పాస్టరు తేల్చింది. వట్టి చేతులతో వెళ్ళకూడదని ఎవరూ అనలేదు గాని, ఓస్ముండ్ దారిలో ఇంటి దగ్గర ఆగి ఆరు జాడీల మోల్టె జాము కారులో పెట్టుకున్నాడు. పాస్టరు ఒక కేకు తీసుకుంది.

రెండు గంటలకు ఎయిలిఫ్ మెట్ల మీద కూర్చుని, వాళ్ళ ఇళ్ళకు ఏ వరుసలో వెళ్ళాలా అని ఆలోచిస్తుండగా ముగ్గురూ కలిసే వచ్చారు. ముందు పాస్టరు, చేతుల్లో గిన్నె.

"నూటఇరవై," అంది. "ఒక్కటీ తగ్గలేదు."

ఎయిలిఫ్ లేచి గిన్నెలోకి చూశాడు. నాలుగువందల్లోంచి ఏరినవి. మిల్లీగ్రాము మిల్లీగ్రాముగా విడదీసినవి. మంచివీ, తేడా ఉన్నవీ, నమ్మకం లేనివీ, ఒకదాని మీద ఒకటి పడి మెరుస్తున్నాయి. ఆయన గిన్నె అందుకుని, ఒళ్ళో పెట్టుకుని, మెట్టు మీద చతికిలపడ్డాడు. ఆయన అలా కూర్చోవటం లోయ అంతకుముందు ఒకేసారి చూసింది. అప్పుడు మంచు బండి నదిలో ఉంది.

"మూడు వారాలు," అన్నాడు. "మీరు ఇలా చేస్తారని అనుకోలేదు."

ముందు ఓస్ముండ్ తట్టుకోలేకపోయాడు. "దుప్పి కాదు ఎయిలిఫ్, నేనే," అన్నాడు. దుర్భిణి సంగతీ పొదల సంగతీ చెప్పాడు, జాడీలు వరసగా మెట్టు మీద పెట్టాడు. పాస్టరు జెండా గురించి చెప్పింది, ముందే అడగాల్సిందని, తప్పేనని. ఎయిలిఫ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఈ మనుషులు గుల్లలు కలిపేసి ఇప్పుడు జాము గురించి ఎందుకు మాట్లాడుతున్నారో ఆయనకు ఎంతకీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఆయన మొహం చాలా కఠినంగా ఉంటుంది. ఆ మొహం సిగ్‌బ్యోర్న్ వైపు తిరిగింది.

"ఫిబ్రవరిలో," అన్నాడు సిగ్‌బ్యోర్న్. "క్లబ్బులో తుపాకుల గదికి రంగు వేశాం కదా."

"వేశారు."

"నీది నా చేతిలోంచి జారింది. సిమెంటు మీద పడింది. కర్ర లోపల, ఇనుము కూర్చునే చోట చీలింది. బయటికి ఏమీ కనపడలేదు. జిగురు పెట్టి మర బిగించేశా."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెబుదామనే అనుకున్నా. తరవాతి వారం నీ తూటాలు పక్కకి పోయాయి. ఆ పైవారం ఇంకా పక్కకి పోయాయి. పదకొండేళ్ళు మీ ఫ్లాస్కులు మోశాను ఎయిలిఫ్. ఇంకో వారం చూద్దామనుకున్నా."

ఎయిలిఫ్ లేచి లోపలికి వెళ్ళి తుపాకి తెచ్చాడు. ముగ్గురూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఆయన వాళ్ళను గిన్నె, జాడీలతో సహా వంటింట్లోకి రమ్మని, బల్ల మీద దుప్పటి పరిచి, మరలు విప్పి, ఇనుమును కర్రలోంచి పైకి ఎత్తాడు. కిటికీ వెలుగులో పెట్టి చూస్తే కర్ర లోపల వెంట్రుకంత గీత, దాని చుట్టూ ఎండిన జిగురు. వేలితో నొక్కితే గీత నోరు తెరిచి మూసుకుంది. అందరూ ఆయన కేకలు వేస్తాడని చూస్తున్నారు. ఆయన గిన్నె వైపు తిరిగాడు.

"అంటే," అన్నాడు మెల్లగా, "గుల్లలు బాగానే ఉన్నాయా?"

ఆ గొంతులో ఉన్నది కోపం కాదు. తప్పుడు కేసులో మూడు వారాలు జైల్లో పెట్టినవాళ్ళకు ఇప్పుడు మొహం ఎలా చూపించాలన్నట్టుంది.

సరిగ్గా అప్పుడే పాటల పుస్తకం చంకలో పెట్టుకుని బోర్గిల్ వచ్చింది. వంటింట్లో పాస్టరు, ఓస్ముండ్, సిగ్‌బ్యోర్న్, బల్ల మీద ముక్కలైన తుపాకి, ఆరు జాడీలు. ఆమె కోటు విప్పి తగిలించి, తన పొరపాటుకు క్షమించమని, ముగ్గురికీ గుడ్లు ఇప్పుడే ఇస్తానని అంది. పొరపాటు ఏమిటని పాస్టరు అడిగింది. బోర్గిల్ చెప్పింది. చెప్పటం అయ్యాక ఓస్ముండ్ నెమ్మదిగా చెయ్యి చాచి రెండు జాడీలు తనవైపు జరుపుకున్నాడు.

"అక్కడే ఉంచు," అంది బోర్గిల్. అప్పటికే ఒకదాని మూత తీసి చెంచా దించింది.

జెండా మాత్రం వచ్చే ఏటికి ఎయిలిఫ్‌దేనని పాస్టరు అంది. డచ్చివాళ్ళకు ముడి వేయటం నేర్పిస్తే చాలునంది. సిగ్‌బ్యోర్న్ వెనక్కి తీసుకోగలిగింది ఏమీ లేదు. అతను చేసింది బల్ల మీద రెండు ముక్కలుగా ఉంది.

కాఫీ పోశారు. పోసినా అసలు సంగతి బల్ల మధ్యలోనే కూర్చుని ఉంది. తుపాకి బాగుచేసేవాడు పట్నంలో ఉన్నాడు, అతనికి ఇచ్చింది రెండు వారాలకు గాని తిరిగి రాదు. పోటీ శనివారం. తుపాకి లేనివాడు కాల్చలేడు, కాల్చనివాడికి చోటు లేదు. ఐదో చోటు సిగ్‌బ్యోర్న్‌కు ఒక్క తూటా ఖర్చు లేకుండా వస్తుంది. ఆ లెక్క అందరికీ తెలుసు, అందుకని అందరూ కేకు గురించి మాట్లాడారు. సిగ్‌బ్యోర్న్ మాత్రం బోర్గిల్ పెట్టిన వాఫిల్ మీద గోధుమరంగు జున్ను పలచగా కోసి పెట్టుకుని, దాన్ని తినకుండా చూస్తూ కూర్చున్నాడు.

"నా తుపాకితో కాల్చు," అన్నాడు చివరికి. "ముందు నేను కాలుస్తా, తరవాత నువ్వు కాల్చు. ఒకే తుపాకి. అప్పుడు ఎవరూ ఏమీ అనడానికి ఉండదు."

"నువ్వు గెలిస్తే?"

"గెలిస్తే నీ ఫ్లాస్కు నువ్వు మోసుకుంటావు."

ఎయిలిఫ్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక మాత్రం రెండు రోజులు నిద్రపోలేదు. పరాయి తుపాకి ఒకటి, గుల్లల గందరగోళం ఒకటి. శుక్రవారం మందు కూరటానికి కూర్చుని, గిన్నెలో చెయ్యి పెట్టి, వచ్చినదాన్ని వచ్చినట్టు తీశాడు. మళ్ళీ మూడు వారాలు విడదీయటానికి వ్యవధి లేదు. మూడుసార్లు చెయ్యి త్రాసు దగ్గరికి పోయింది. నాలుగోసారి త్రాసు అక్కడ లేదు. బోర్గిల్ దాన్ని పట్టుకెళ్ళి కేకుకు పిండి తూస్తోంది. వెచ్చదనపు యంత్రం నడుస్తోంది, తలుపులు తెరిచి ఉన్నాయి, పిల్లి బల్ల మీద కూర్చుని తోక ఊపుతోంది. ముప్ఫైఐదు తూటాలు తయారయ్యాయి. వాటిలో ఏది ఏ జట్టుదో దేవుడికి కూడా చెప్పటం కష్టం.

శనివారం లోయంతా మైదానానికి వచ్చింది. సంగతి ఎవరూ బయటపెట్టలేదు, అందరికీ తెలుసు. గాలి ఎడమవైపు నుంచి కొడుతోంది, ఓస్ముండ్ టోపీ ఎగిరి రెండు పొలాల అవతల గొర్రె తలమీద కూర్చుంది. ఆ గొర్రెకు బాగానే నప్పిందని చూసినవాళ్ళు అన్నారు. సిగ్‌బ్యోర్న్ ముందు పడుకుని ఇరవైఐదు తూటాలు కాల్చాడు. రెండువందల యాభైకి రెండువందల నలభైఒకటి వచ్చాయి. పదకొండేళ్ళలో అతనికి అదే అన్నింటికన్నా ఎక్కువ. చప్పట్లు కొట్టారు. అతను లేచి, వేడిగా ఉన్న తుపాకిని గుడ్డతో తుడిచి, ఎయిలిఫ్ చేతికి రెండు చేతులతో ఇచ్చాడు.

"ఎడమకి కొంచెం లాగుతుంది," అన్నాడు గొంతు తగ్గించి. "గురి మర రెండు గీతలు కుడికి తిప్పుకో."

చెప్పాల్సిన అవసరం లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేదీ కాదు. ఎయిలిఫ్ ఒక క్షణం అతని మొహంలోకి చూసి, రెండు గీతలు తిప్పుకుని పడుకున్నాడు.

మొదటి ఐదు తూటాలకు ఆయన ఏ పెట్టెలోదా అని ఆలోచించాడు, నలభైఆరు వచ్చాయి. ఆరోదాని నుంచి ఆలోచించటం మానేశాడు. ఆలోచించి లాభమూ లేదు, అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. గాలి ఆగినప్పుడు కాల్చాడు, వీచినప్పుడు ఊరుకున్నాడు. ఇరవైనాలుగో తూటాకు మొత్తం రెండువందల ముప్ఫైరెండు. ఆఖరిది పది కొడితే గెలుపు, తొమ్మిదైతే సమానం, ఎనిమిదైతే చేపలు. బోర్గిల్ ఊపిరి బిగబట్టింది, మూడు వారాల సాధన పనికి వచ్చింది. తుపాకి పేలింది. గురిబోర్డు దగ్గర గుడ్డ ఊపారు.

పది.

ఆ ఒక్క పాయింటు ఎక్కడి నుంచి వచ్చిందని సాయంత్రందాకా వాదన నడిచింది. గుల్లల పని కాకపోతే మరేమిటని ఎయిలిఫ్ అన్నాడు. తుపాకి తనదని సిగ్‌బ్యోర్న్ అన్నాడు. పొద్దున రొట్టె మీద రాసుకున్న జాముకు పండ్లు ఎవరు కోశారని ఓస్ముండ్ అడిగాడు. పాస్టరు పైకి చూసింది.

జిల్లా పోటీకి ఎయిలిఫ్ తుపాకి ఇంకా పట్నంలోనే ఉంటుంది కాబట్టి సిగ్‌బ్యోర్న్‌దే తీసుకెళ్ళాలి. దాన్ని ఒంటరిగా పంపనని, వెంట తనూ వస్తానని సిగ్‌బ్యోర్న్ పట్టుబట్టాడు. మనిషి చూడనప్పుడు తుపాకులకు ఏమవుతుందో తనకన్నా తెలిసినవాళ్ళు లేరన్నాడు. ఎయిలిఫ్ కాదనలేకపోయాడు. దారిలో ఇద్దరూ పోట్లాడుకోకుండా కారు తనే నడుపుతానని బోర్గిల్ అంది. అలా ఆ ఏడు ఉల్వెదాల్ జట్టులో ఐదో చోటు ఎయిలిఫ్‌ది, ఐదో తుపాకి సిగ్‌బ్యోర్న్‌ది, వెనక సీటు ఇద్దరిదీ అయింది.